పాపకొకటి

ఐదు గంటల సైరన్ మోగగానే ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఇల్లు కాదు, బెల్లం.

బ్రషింగ్ హాలు గుమ్మం దగ్గర యలమందయ్య స్టూలు వేసుకుని, ఒళ్ళో అల్యూమినియం పళ్ళెం పెట్టుకుని కూర్చుంటాడు. వరసలో వచ్చిన మనిషి చెయ్యి చాపుతుంది. ఆయన ఒక ముక్క అరచేతిలో పెడతాడు. ఆమె దాన్ని నోట్లో వేసుకుని బస్సు దగ్గరికి పరుగు తీస్తుంది. బస్సు సరిగ్గా ఐదుంబావుకు కదులుతుంది, డ్రైవరు ఎవరి కోసమూ ఆగే రకం కాదు. చేతులు కడుక్కోవడానికి పంపులు లేవా అంటే ఉన్నాయి, మూడున్నాయి, హాలుకు అటు చివర. కడుక్కోవాలంటే బస్సు మీద ఆశ వదులుకోవాలి.

సీసం దుమ్ము కడుపులోకి పోతే బెల్లం దాన్ని పట్టుకుని బయటికి లాక్కుపోతుందని ఆ ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచీ ఒక నమ్మకం. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. సూపర్‌వైజర్ ఏమో డాక్టరు చెప్పాడంటాడు, డాక్టరేమో అందరూ తింటున్నారుగా అంటాడు. యాజమాన్యానికి ఇంతకంటే చవకైన మందు ఇంకేం కావాలి? నెలకు రెండు బస్తాల అచ్చు బెల్లం దించేసి నిశ్చింతగా ఉంటారు.

ఆ గురువారం రెబ్కా వరసలో చివర నిలబడింది. ముందుకు తోసుకుపోయే ఓపిక లేదు. పొద్దుటి నుంచి బొడ్డు చుట్టూ ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుగా ఉంది. బ్యాటరీల్లో పెట్టే సీసం ప్లేటు నోటుపుస్తకమంత ఉంటుంది, దానికి పైన చిన్న చెవి. ఆ చెవిని తీగల బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తిప్పి మళ్ళీ రుద్ది, పక్కన పేర్చాలి. నాలుగేళ్ళుగా ఆమె చేసేది అదే. పేర్చిన దొంతర ఎత్తి బండి మీద పెట్టడం ఇదివరకు ఆమెకు లెక్కే కాదు. ఇప్పుడు దొంతరను రెండు సగాలు చేసి రెండుసార్లు ఎత్తుతోంది. కుడిచేతి గ్లవ్వుకు బొటనవేలు దగ్గర కత్తిరించేసుకుంది. వేలు తగలకపోతే అంచు గరుకు తెలియదు, తెలియకపోతే ప్లేటు వెనక్కి వస్తుంది. హాలులో అందరి గ్లవ్వులూ అలాగే బొటనవేలు లేకుండా ఉంటాయి.

"ఏమ్మాయ్, మొహం అట్టా పీక్కుపోయిందేంది?" అన్నాడు యలమందయ్య.

"ఏం లేదు బాబాయ్. ఎండ."

"ఎండేంది, ఇంకా ఫిబ్రవరేగా!" అంటూ ఆయన పెద్ద ముక్క ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత అటూ ఇటూ చూసి ఇంకొకటి పెట్టాడు. "ఇది నీకు. పాపకొకటి."

రోజూ అంతే. పాపకు రక్తం తక్కువని రెబ్కా ఏణ్ణర్ధం కిందట నోరుజారి చెప్పింది. అప్పటి నుంచి ముసలాయన ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. రెబ్కా రెండో ముక్కను ఎప్పటిలాగే కోటు జేబులో వేసుకుంది, విప్పిన గ్లవ్వుల పక్కన. ఒంట్లో బాగుంటే తనది తాను తింటుంది. బాగా లేనప్పుడు తనదీ పాపకే. ఆరోజు రెండూ జేబులోకే పోయాయి.

జనం బస్సెక్కేలోగా సూపర్‌వైజర్ లక్ష్మీకాంత్ చప్పట్లు కొట్టాడు.

"ఒక్క నిమిషం! అందరూ వినండి. శనివారం బ్లడ్ క్యాంపు. మన ప్లేట్లు కొనే కంపెనీవాళ్ళు ఆడిట్‌కి వస్తున్నారు. ఇదివరకు రక్తంలో సీసం నలభై దాటితే రెస్టు అనేవాళ్ళం. ఇప్పుడు ముప్పై. ముప్పై దాటినవాళ్ళు మూడు నెలలు ఇంట్లో ఉండాలి."

"జీతం, సార్?" ఎవరో అడిగారు.

"రెస్టంటే రెస్టేనమ్మా. మీరు కాంట్రాక్టు వాళ్ళు గదా."

"మూడు నెల్ల తర్వాత మళ్ళీ తీసుకుంటారా?"

"అప్పుడు చూద్దాం," అన్నాడు లక్ష్మీకాంత్, బస్సు వైపు చెయ్యి చూపిస్తూ.

బస్సు కదిలింది. హైవేకి రెండు వైపులా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. రెబ్కా వాటిని చూడలేదు. పోయినసారి ఆమెకు వచ్చిన అంకె ముప్పై ఎనిమిది. నలభైకి లోపలే అని అప్పుడు ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. ఈసారి ఆ స్తోత్రం పనికొచ్చేలా లేదు. భర్త ప్రేమదాసు మిరప లారీల మీద గుంటూరు యార్డుకు పోతాడు. మే నెల దాటితే ఆ పని ఉండదు. పన్నెండు నెలలూ ఇంట్లోకి వచ్చేది ఆమె పని ఒక్కటే. అది పోతే కూతురు జెస్సీ కాలేజీ కూడా దాంతోనే పోతుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేదు కూడా.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలకు ముందు సేఫ్టీ మేడం అందర్నీ పిలిచింది. పేరు అఖిల, మంగళగిరి అమ్మాయి, చేరి రెండు నెలలైంది. ఆమె మాట్లాడుతుంటే ఇంటర్వ్యూకి వచ్చిన మనిషిలా చేతులు కట్టుకుని నిలబడుతుంది. అందుకని హాలులో ఆడవాళ్ళకు ఆమె మీద భయం లేదు, కొంచెం జాలి ఉంది. గోడకు ఒక చార్టు అంటించి వేలు పెట్టి చూపించింది.

"ఫ్యాక్టరీ మొహం చూడని మనిషి రక్తంలో సీసం ఐదు లోపే ఉంటుందండి. మీకు పాతిక, ముప్పై, నలభై ఉంటోంది. సీసం ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుంది, కొత్త రక్తం పుట్టనివ్వదు. మీకు ఆయాసం, కళ్ళు తిరగడం, కడుపునొప్పి అన్నీ అందుకే. ఇది ముక్కులోంచే కాదు, ఎక్కువగా చేతుల్లోంచి నోట్లోకి వెళ్తుంది. దయచేసి చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ కోట్లు మీరు ఇళ్ళకి..."

"మేడం, మేడం!" లక్ష్మీకాంత్ వాచీ చూపించాడు. "పేస్టింగ్ లైను ఆగిపోయింది. మిగతాది సోమవారం చెప్పుకుందాం."

అఖిల చార్టు మీంచి వేలు తీసేసింది. అందరూ అన్నాల క్యారేజీల దగ్గరికి వెళ్ళిపోయారు.

"చేతులు కడుక్కోవాలంట," అంది నస్రత్, రెబ్కా పక్కన చతికిలబడుతూ. పని బల్ల దగ్గర రెబ్కాకు ఎదురుగా కూర్చునేది ఆమే, ఇద్దరూ ఒకే నెలలో చేరారు. "బస్సుని ఎవరాపుతారో ఆ బొమ్మలో వెయ్యలా."

రెబ్కా నవ్వలేదు. అన్నం కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. నాలుక మీద ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఒక రుచి ఉంటోంది, ఉప్పూ కారం తెలియడం లేదు.

"నాకు పోయినసారి ముప్పై మూడు," నస్రత్ గొంతు తగ్గించింది. "నేనెట్టాగూ పోయినట్టే. నువ్వైనా ఒక పని చెయ్యి. నీ బదులు ఎవర్నన్నా పంపు. మాస్కు, టోపీ, కార్డు... ల్యాబోళ్ళకి మన మొహాలు తెలుసా ఏంటి?"

"పిచ్చమ్మక్కకేమైందో మర్చిపోయావా?"

ఎవరూ మర్చిపోలేదు. పిచ్చమ్మ పోయిన ఏడాది కనిగిరి నుంచి చెల్లెలి కూతుర్ని రప్పించి తన బదులు కూర్చోబెట్టింది. ఆ పిల్లకి మూడు వచ్చింది. 'సీసం దుమ్ములో ఆరేళ్ళు పనిచేసిన మనిషికి మూడేంటి?' అని లక్ష్మీకాంత్ హాలంతా వినబడేలా నవ్వి, ఆ సాయంత్రమే కార్డు లాక్కున్నాడు.

"తక్కువొస్తే దొరికిపోతాం," అంది రెబ్కా.

"దొరికితే దొరుకుతావు. నీ రక్తమే ఇస్తే దొరకాల్సిన పన్లేదు, బుధవారం అంకె రాగానే ఇంట్లోనే."

అది నిజమే. రెబ్కా ఆ మధ్యాహ్నమంతా ప్లేటు ప్లేటుకూ ఆ మాటే తిప్పి తిప్పి రుద్దింది.

ఇంటికి వచ్చేసరికి జెస్సీ పంపు దగ్గర పీట వేసుకుని రెండో కోటు ఉతుకుతోంది. ఆమెకు పదిహేడు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. తల్లి ఎత్తుకు వచ్చేసింది. కోట్లు ఉతకడం ఆమె వంతు. అమ్మ అలిసిపోయి వస్తుందని తనే నెత్తినేసుకుంది. ముందు కోటును గోడకేసి నాలుగుసార్లు దులుపుతుంది, తర్వాత టబ్బులో ముంచి సబ్బు పెట్టి గట్టిగా పిసుకుతుంది. నీళ్ళు మబ్బు రంగులోకి మారతాయి. మూడు నీళ్ళు మార్చినా ఆ రంగు పూర్తిగా పోదు.

"ఏదీ?" అంది జెస్సీ తలెత్తకుండానే, తడి చెయ్యి చాపి.

రెబ్కా జేబులోంచి బెల్లం తీసి కూతురి చేతిలో పెట్టింది. జెస్సీ దాన్ని బుగ్గన పెట్టుకుని మళ్ళీ పిసకడం మొదలెట్టింది. చిన్నప్పటి నుంచీ అంతే, బెల్లాన్ని కొరకదు, చప్పరిస్తుంది. వేళ్ళకు అంటిన దాన్ని కూడా వదిలిపెట్టదు.

"కాలేజీకి నర్సమ్మ వచ్చింది ఇవాళ. వేలు గుచ్చి రక్తం ఎంతుందో చూసింది."

"ఎంతంట?"

"ఏడు పాయింట్ నాలుగు. పోయినసారి ఎనిమిదిగా. పన్నెండుండాలంట." జెస్సీ గడప మీద ఉన్న చీటీ వైపు గడ్డంతో చూపించింది. "అదే రాసింది. ఐరన్ మాత్రలు, మునగాకు, వేరుశనగ పప్పు, బెల్లం."

"బెల్లం రోజూ తింటూనే ఉన్నావుగా!" అంది రెబ్కా. ఆ మాటలో కోపం ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. ఇంట్లో ఎవరికైనా లోటు చేసింది గానీ ఈ బెల్లం విషయంలో మాత్రం చెయ్యలేదు. తన నోటిది తీసి కూడా పెట్టింది. ఇంతకంటే తల్లి చేసేదేముంది?

"క్లాసులో కూర్చుంటే నిద్రొచ్చేస్తాందమ్మా. లెక్కలు పదిసార్లు చదివినా బుర్రకెక్కట్లా. కడుపులో నొప్పి కూడా." జెస్సీ ఆగింది. "నువ్వేంది, అట్టా ఉన్నావు?"

చెప్పకూడదనే అనుకుంది రెబ్కా. కానీ గోడకు చేరబడి కూర్చోగానే మాటలు వాటంతటవే బయటికొచ్చేశాయి. శనివారం క్యాంపు, ముప్పై, మూడు నెలల రెస్టు, నస్రత్ అన్న మాట, అన్నీ. జెస్సీ కోటు పిండి దండెం మీద వేసి, చేతులు గౌనుకు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"నేనొస్తా."

"ఛీ, నోర్ముయ్. నీ ఒంట్లోనే రక్తం లేదంటుంటే!"

"రెండు చెంచాలేగదా. నువ్వూ నేనూ ఒకే ఎత్తు. మాస్కు పెట్టుకుంటే నాన్నే గుర్తుపట్టడు." జెస్సీ నవ్వింది. "తక్కువొస్తే మాత్రం నన్ననమాక. నాది శుభ్రమైన రక్తం."

రెబ్కా వద్దంది. అరగంట తర్వాత కూడా వద్దంది. దీపాలు పెట్టే వేళకు కోటు, టోపీ, మాస్కు ఒక సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టింది. సంచికి ముడి వేస్తున్నప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

క్యాంపు టెంటు గేటు బయట వేశారు. లోపల దుమ్ములో రక్తం తీస్తే అంకె తప్పొస్తుందని ల్యాబువాళ్ళు పట్టుబట్టారట. అది రెబ్కాకు కలిసొచ్చింది. తన బ్యాచ్ పిలవగానే బాత్రూంకని చెప్పి బయటికొచ్చి, టీ బంకు వెనక ప్రత్తికట్టె మోపుల దగ్గర కాచుకుని ఉన్న జెస్సీ మెడలో కార్డు వేసింది. జెస్సీ అప్పటికే కోటు తొడుక్కుని, టోపీ కిందకు లాక్కుని ఉంది. రెబ్కా ఆ కళ్ళలోకి చూసింది. అద్దంలో తన కళ్ళే అవి, కాకపోతే ఇరవై ఏళ్ళు చిన్నవి.

"పేరడిగితే?"

"రెబ్కా."

"ఎక్కడ పని?"

"బ్రషింగ్. పోమ్మా, భయపడతా నన్ను భయపెట్టమాక."

మోపుల సందులోంచి రెబ్కా అంతా చూసింది. వరస కదిలింది. జెస్సీ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ల్యాబు కుర్రవాడు స్పిరిట్ దూది రాసి, రబ్బరు కట్టి, నరం కోసం వేలితో రెండుసార్లు తట్టాడు. దొరకలేదు. ఇంకో చెయ్యి అడిగాడు. పక్కన పేర్లు రాసుకుంటున్న అఖిల ఎందుకో లేచి, జెస్సీ ముందు వంగి, కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. రెబ్కా ప్రత్తికట్టెను ఎంత గట్టిగా పట్టుకుందంటే అది చేతిలో పుటుక్కున విరిగింది. అయిపోయింది, దొరికిపోయాం అనుకుంది. కానీ అఖిల ఏదో అని తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. సూది దిగింది. గొట్టంలోకి ఎర్రగా, పల్చగా రక్తం ఎక్కుతుంటే రెబ్కా చూడలేక మొహం తిప్పుకుంది.

టెంటు చివర యలమందయ్య కూర్చుని సూది వేయించుకున్నవాళ్ళకు అరటిపండు, బెల్లం ఇస్తున్నాడు. జెస్సీ ఆయన ముందు ఆగింది. ముసలాయన కార్డు చూశాడు, మొహం చూడలేదు.

"ఇది నీకు," అన్నాడు. "పాపకొకటి."

జెస్సీ తిరిగి వచ్చేసరికి పెదాలు పాలిపోయి ఉన్నాయి. కట్టెల మోపు మీద కూలబడి, మాస్కు కిందకు లాగి, ఆ రెండు బెల్లం ముక్కలూ ఒకేసారి నోట్లో వేసుకుంది.

"కళ్ళు తిరిగినయ్ అమ్మా. ఆ మేడం నా కన్ను చూసి, 'మీరు రేపే పెద్దాసుపత్రికి వెళ్ళండి రెబ్కా గారూ, అస్సలు రక్తం లేదు' అంది. నాకు నవ్వొచ్చింది. నన్ను 'గారూ' అన్నది ఆ మేడం ఒక్కత్తే."

ఆదివారం ప్రార్థనలో రెబ్కా కళ్ళు మూసుకుని ఒకటే అడిగింది. మరీ మూడు వద్దు ప్రభువా. పదో పన్నెండో వచ్చేట్టు చెయ్యి.

బుధవారం సాయంత్రం, సైరన్‌కు గంట ముందు, లక్ష్మీకాంత్ కాగితాల కట్టతో వచ్చాడు. బ్రష్షుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అతను పేరు చదవడం, అంకె చదవడం, ముప్పై దాటితే కాగితం మీద టిక్కు పెట్టడం. గొంతులో హెచ్చూ లేదు, తగ్గూ లేదు.

"నస్రత్. ముప్పై ఐదు."

నస్రత్ చేతిలో ఉన్న ప్లేటును చివరిదాకా రుద్ది, దొంతర మీద పెట్టి, గ్లవ్వులు విప్పింది.

"రెబ్కా." లక్ష్మీకాంత్ కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. రెబ్కా బ్రష్షు కింద పెట్టింది. మూడు అంటాడు. ఇప్పుడే నవ్వుతాడు. "ఇరవై ఏడు."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"పోయినసారి ముప్పై ఎనిమిది. ఈసారి ఇరవై ఏడు! చూశారా అందరూ? మానకుండా బెల్లం తిన్న మనిషికి ఇట్టా తగ్గుద్ది. శభాష్ రెబ్కా, నువ్వు ఉంటావు."

ఉంటావు. ఆ ఒక్క మాటకు ఒళ్ళంతా తేలికైపోయింది. స్తోత్రం ప్రభువా, స్తోత్రం. దొరకలేదు. ఎక్కువా కాదు, తక్కువా కాదు, కొలిచి పోసినట్టు వచ్చింది. జెస్సీ పరీక్ష ఫీజు, కాలేజీ, అన్నీ నిలబడ్డాయి. సంతోషంతో ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఎదురుగా ఉన్న నస్రత్ వైపు చూసింది.

నస్రత్ నవ్వడం లేదు.

"నీ రక్తమే ఇచ్చావా?" అని అడిగింది చిన్నగా.

"లేదు. పిల్లనే పంపా."

"మరి ఇరవై ఏడెట్టా..." నస్రత్ మాట మధ్యలో తెగిపోయింది. ఆమె చూపు రెబ్కా మొహం మీంచి జారి, తన కోటు మీద పడింది. ఇంట్లో ఆమెకు ఇద్దరు పిల్లలు. నస్రత్ చెయ్యి తనకు తెలియకుండానే కోటు గుండీల మీదకు పోయి అక్కడే ఉండిపోయింది.

రెబ్కా గోడ మీది చార్టు వైపు తిరిగింది. ఫ్యాక్టరీ మొహం చూడని మనిషికి ఐదు లోపు. జెస్సీ ఫ్యాక్టరీ మొహం ఎప్పుడు చూసింది? శనివారం గేటు బయటిదాకా వచ్చింది, అంతే. ల్యాబువాళ్ళు గొట్టాలు తారుమారు చేశారేమో. మిషను తప్పు చూపించిందేమో. ఒక్కొక్క దారీ పట్టుకుని చూసింది. అన్నీ తిరిగి తిరిగి తన ఇంటి ముందుకే వచ్చి ఆగాయి.

ఆమె మెల్లగా కోటు జేబు బయటికి తిరగేసింది. అడుగున కుట్టు పొడవునా బూడిద రంగు పొడి దట్టంగా పేరుకుని ఉంది. పొడికి అంటుకుని, మెరుస్తూ, బెల్లం రవ్వలు.

ఈ చేతులతోనే ఒకప్పుడు మిరపకాయలు కోసేది. జెస్సీ చంటిపిల్లగా ఉన్నప్పుడు మిరప చేలోంచి వచ్చి, మజ్జిగతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ సబ్బుతో కడుక్కుంటే తప్ప పిల్లను తాకేది కాదు. తాకితే పిల్ల కెవ్వుమనేది. మిరపకాయ మండి చెబుతుంది, నేనున్నానని. ఈ దుమ్ము మండదు, వాసన రాదు. ఏడాదిన్నరగా రోజుకొక ముక్క, ఒక్కోరోజు రెండు. తన నోటిది తీసి పెట్టానని తాను మురిసిపోయినవి.

సైరన్ మోగింది. వరస కదిలింది. యలమందయ్య ఆమెను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. సంగతి ఆయనకూ చేరినట్టుంది.

"ఇరవై ఏడంటగా! నేను చెప్పలా? ఇది నీకు, పాప..."

"వద్దు బాబాయ్."

"అదేందమ్మాయ్?"

"పాపకొద్దు." ముసలాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. వెనకవాళ్ళు బస్సుకు ఆలస్యమౌతోందని తోస్తున్నారు. రెబ్కా వరస తప్పుకుని హాలు అటు చివరికి నడిచింది. పంపు తిప్పి, కోటు విప్పి పక్కన పడేసి, మోచేతుల దాకా కడుక్కుంది. ఒకసారి కడుక్కుని, చాలదని మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ సందుల్లో గరుకు సబ్బు పెట్టి రుద్దింది. గేటు దగ్గర బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె ఇంకా రుద్దుతూనే ఉంది.

హైవే ఎక్కి షేర్ ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి చీకటి పడబోతోంది. జెస్సీ పంపు దగ్గరే ఉంది. టబ్బులో నిన్నటి కోటు నానబెట్టి, తల్లి కోసం వీధి వైపు చూస్తోంది. రెబ్కా కనబడగానే లేచి నిలబడింది.

"ఏంటమ్మా ఇంత లేటు? వచ్చిందా? ఎంతొచ్చింది?"

రెబ్కా చెప్పులు విడిచింది.

"మూడా? దొరికిపోయామా?"

"దొరకలా."

"అయితే పాసయ్యానా?" జెస్సీ మొహం వెలిగింది. ఇంటర్లో చేరిన తర్వాత ఆ పిల్ల దేంట్లోనైనా పాసైంది ఇదే మొదటిసారి. అలవాటు కొద్దీ తడి చెయ్యి ముందుకు చాపింది. "ఏదీ?"

రెబ్కా ఆ చేతిని పట్టుకుంది. పంపు కిందికి తీసుకెళ్ళి, నీళ్ళు వదిలి, వేలు వేలూ విడదీసి కడిగింది. గోళ్ళు తెల్లగా, పింగాణీ పెంకుల్లా ఉన్నాయి. జెస్సీ మొదట నవ్వింది, నేను చిన్నపిల్లనా అంది. తర్వాత తల్లి భుజాలు కదులుతుండటం చూసి ఊరుకుంది. రెబ్కా టబ్బును కాలితో దూరంగా నెట్టేసింది.

"ఇంకెప్పుడూ ఆ కోటు ముట్టుకోమాక," అంది. ఆ తర్వాత అంతా చెప్పింది.

గురువారం పొద్దున సేఫ్టీ గదిలో అఖిల కంప్యూటర్ తెరుస్తుండగా తలుపు దగ్గర అలికిడైంది. రెబ్కా లోపలికి వచ్చింది. కోటు లేదు, టోపీ లేదు, ఆదివారం కట్టుకునే చీర కట్టుకుని ఉంది. వెనక ఒక అమ్మాయి. అఖిల ఆ అమ్మాయి కళ్ళు చూసి, ఎక్కడో చూసినట్టుందే అని ఆలోచనలో పడింది. తర్వాత గుర్తుకొచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

రెబ్కా మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"శనివారం ఈ కార్డు మీద రక్తమిచ్చింది ఇది, మేడం. మా పాప జెస్సీ. ఫ్యాక్టరీలోకి ఏనాడూ అడుగుపెట్టలా. కోట్లు ఉతికింది, నేను తెచ్చిన బెల్లం తిన్నది. అంతే చేసింది."

అఖిల కాగితాల్లో ఆ పేజీ వెతికి, అంకె మీద వేలు పెట్టి, ఆ వేలు తీయలేకపోయింది.

"రెబ్కా గారూ," అంది. "ఈ మాట నేను రాస్తే మీ పని పోతుంది. మీకు తెలుసా?"

"తెలుసు మేడం. పిచ్చమ్మక్కను చూశాం గదా."

"ల్యాబు వ్యాను విజయవాడ వెళ్ళిపోయింది."

"పిలిపించండి. వచ్చిందాకా ఇక్కడే కూర్చుంటాం." రెబ్కా కుర్చీ లాగి కూతుర్ని కూర్చోబెట్టి, తను దాని పక్కన నిలబడింది. కిటికీ అవతల బ్రషింగ్ హాలులో బ్రష్షులు మొదలయ్యాయి. ఆ చప్పుడులో తన బల్ల ఎక్కడుందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. "మా ఇద్దరిదీ మళ్ళీ తియ్యండి మేడం. ఈసారి ఎవరి పేరు మీద వాళ్ళది రాయండి."